మాటకారి చేతులు

అబ్నెర్ రిసో మొదటి ప్రసంగం సగంలో ఉండగా, అతని మాటల్ని చేతి సైగల్లోకి మారుస్తున్న అమ్మాయి చేతులు దించేసి కూర్చుంది.

వేదిక కింద, ఎడమవైపు మూడో వరుసకి ఎదురుగా ఆమె నిలబడే చోటు. ఆ వరుసంతా వినికిడి లేనివాళ్ళది. మా కొండ ఊరు హినొతేగాలో ఏ చర్చికి వెళ్ళినా వాళ్ళు గోడలు చూస్తూ కూర్చోవాల్సిందే. మా బాప్టిస్టు సంఘంలో మాత్రం వాళ్ళకి దమారిస్ చవర్రియా చేతులు ఉండేవి.

ఆ చేతులు ఆగడం అబ్నెర్ చూశాడు. మూడో వరుస మొత్తం నవ్వు ఆపుకోవడం కూడా చూశాడు. గొంతు ఒకసారి తడబడింది. వెంటనే సర్దుకుని ఇంకాస్త గట్టిగా అందుకున్నాడు.

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆమెను ఆపాడు.

"సిస్టర్, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది బ్రదర్."

"మరి మధ్యలో కూర్చున్నారు."

"మీరు చెప్పడం ఆపేశారు కదా, నేనూ ఆపేశాను."

"నేనెక్కడ ఆపాను? చివరిదాకా మాట్లాడుతూనే ఉన్నాను."

"మాట్లాడుతూనే ఉన్నారు," అని ఒప్పుకుంది దమారిస్. "మహిమ అన్నారు. మళ్ళీ మహిమ అన్నారు. తర్వాత ఇంకొంచెం గట్టిగా మహిమ అన్నారు. గట్టిగా అనడానికి నా దగ్గర సైగ లేదు."

"వాళ్ళెందుకు నవ్వారు?"

"ఉన్న సంగతి చెప్పాను."

"ఏమని?"

"ఇంకా అక్కడక్కడే తిరుగుతున్నాడు, ముందుకు కదిలితే చెబుతాను, అని."

అబ్నెర్‌కి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. రాజధానిలో బైబిలు పాఠశాల ముగించుకుని, మా పాస్టర్ ఎవెలియో గారి దగ్గర ఏడాది శిక్షణకి వచ్చాడు. కాఫీ తోటల పిల్లాడు. పదేళ్ళప్పటి నుంచే వాడి గొంతు వినడానికి పక్క కొండల వాళ్ళు కూడా వచ్చేవారట. ఆ గొంతు దేవుడిచ్చిన వరమని ముసలమ్మలు చెప్పారు. అతను నమ్మాడు. వరం ఉన్నవాడికి కసరత్తు అక్కర్లేదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అది సొంతంగా నమ్మాడు.

సోమవారం పాస్టర్ ఎవెలియో అతన్ని పిలిచారు.

"ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి మాట్లాడు."

"ఆవిడ నన్ను అందరి ముందూ అవమానించింది పాస్టర్ గారూ."

"అందరి ముందూ కాదు, ఒక్క వరుస ముందు. నువ్వో ఆదివారం రాకపోతే నేను మాట్లాడతాను. ఆ అమ్మాయి రాకపోతే మూడో వరుసకి ఆ ఆదివారమే లేదు. వెళ్ళు."

ఊరంతా మర్యాదగా దోన్ ఫిలెమోన్ అని పిలిచే దమారిస్ తండ్రికి బజారు చివర సైకిళ్ళు బాగుచేసే కొట్టు ఉంది. ఆయనకి పుట్టుకతోనే వినపడదు. భార్యకీ వినపడేది కాదు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. మిగిలింది ఈ ఒక్క కూతురు. ఈమెకి మాత్రం అన్నీ వినపడతాయి, వినపడనివ్వకూడదని మనం అనుకునేవి కూడా.

అబ్నెర్ వెళ్ళేసరికి ఆమె బల్ల మీద జీవశాస్త్రం పుస్తకం తెరుచుకుని, ఒక కన్ను దాని మీద, ఒక కన్ను కొట్టు మీద వేసి కూర్చుంది.

"వచ్చే ఆదివారం కూడా నేనే మాట్లాడాలట," అన్నాడు అబ్నెర్.

"అయితే శుక్రవారానికి నోట్స్ ఇవ్వండి. నేను శనివారం సాధన చేసుకోవాలి."

"నేను నోట్స్ రాసుకోను. ఆత్మ నడిపించినట్టు మాట్లాడతాను."

"ఆత్మకి శుక్రవారం కూడా తీరికే కదా బ్రదర్."

అబ్నెర్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"దేని గురించి?" అంది ఆమె పుస్తకం మూసి.

"కృప గురించి."

"కృప అంటే?"

"కృప అంటే... దేవుని కృప. మనం పొందని, అంటే, పొందడానికి తగని ఆ... కృపే."

"కృప అంటే కృప అని చేతులతో ఎలా చెప్పను? మీకు తెలియని మాటని నా చేతులు చెప్పలేవు."

దోన్ ఫిలెమోన్ చక్రం తిప్పుతూ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. బయట సన్నగా వాన మొదలైంది. మాటలు రాక అబ్నెర్ ఊరుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

"చిన్నప్పుడు," అన్నాడు చివరికి, "మా నాన్న గుర్రాన్ని నీళ్ళకి తీసుకెళ్ళి వదిలేశాను. ఆడుకోవడానికి పోయాను. గుర్రం పోయింది, మళ్ళీ దొరకలేదు. కాఫీ బస్తాలు మోసే గుర్రం అది. నాన్న ఏమీ అనలేదు. అప్పు చేసి ఇంకో గుర్రాన్ని కొన్నాడు. మరునాడు పొద్దున్న దాని పగ్గం తెచ్చి నా చేతికే ఇచ్చాడు, నీళ్ళకి తీసుకెళ్ళమని."

దమారిస్ చేతులు ఒళ్ళో ఉన్నవి ఉన్నట్టే కొంచెం కదిలాయి. వేళ్ళు పగ్గం పట్టుకున్నట్టు ముడుచుకుని, తెరుచుకున్నాయి.

"ఇది చెప్పగలను," అంది.

ఆ ఆదివారం మూడో వరుస ముందుకు వంగి కూర్చుంది. ఆరాధన అయ్యాక, ఆ వరుసలో అందరికంటే పెద్దావిడ, అంగడిలో పూలమ్మే దోన్యా ఎర్లిందా, నేరుగా అబ్నెర్ దగ్గరికి వచ్చి గబగబా చేతులాడించింది. అబ్నెర్ నవ్వాడు. ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ నవ్వాడు. ఆవిడ అతని చెంప తట్టి వెళ్ళిపోయింది.

"ఏమడిగారు ఆవిడ?" అన్నాడు దమారిస్ రాగానే.

"ఆ రెండో గుర్రాన్నైనా జాగ్రత్తగా చూసుకున్నావా అని అడిగింది. మీరు పళ్ళు చూపించారు."

తన కథ విని ఒక మనిషి ప్రశ్న అడిగింది. ఆ ప్రశ్న తనకి అర్థం కాలేదు. అది అబ్నెర్‌ని రెండు రోజులు గుచ్చింది. మూడో రోజు మళ్ళీ కొట్టుకి వెళ్ళాడు.

"నాకు మీ భాష నేర్పుతారా?"

అతను బతిమాలడానికి సిద్ధపడి వచ్చాడు. ఆ అవసరమే రాలేదు.

"రేపటి నుంచి రండి. తెల్లారగానే, కొట్టు తెరవకముందు," అంది దమారిస్, ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు.

*

పాఠం ప్రార్థనతో మొదలయ్యేది. దమారిస్ ప్రార్థన పొట్టిది. "ప్రభువా, ఈ గంట నీది. మేము వృథా చెయ్యం. ఆమేన్." అబ్నెర్ వంతు వచ్చినప్పుడు ఆకాశం, భూమి, సముద్రం, వాటిలోని సమస్తం దాటి ఇంకా ముందుకు పోతుంటే, ఆమె బల్ల మీద వేలితో కొట్టేది.

"ఆయనకి అర్థమైంది. మిగతాది ఆదివారానికి దాచుకో."

"మీరు" ఎప్పుడు పోయి "నువ్వు" ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ గుర్తు లేదు.

మొదటి వారం అతని వేళ్ళు చెప్పిన మాట వినలేదు. రెండో వారం మణికట్టు నొప్పి పెట్టింది. దోన్యా ఎర్లిందాకి "దేవుడు మిమ్మల్ని దీవిస్తాడు" అని చెప్పబోయి, చెయ్యి కాస్త కిందికి జారడంతో "దేవుడు మిమ్మల్ని ఉడకబెడతాడు" అన్నాడు. ఆవిడ ఆలోచించి, "ఈ వయసులో నేను ఉడకాలంటే చాలా కట్టెలు కావాలి" అని జవాబిచ్చింది. దమారిస్ దాన్ని తర్జుమా చెయ్యలేక గోడ పట్టుకుని నవ్వింది.

ఒక రోజు అతను రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు వచ్చి, "రాత్రి ప్రార్థన కూడికలో అలిసిపోయాను. పిలుపు ఇచ్చిన దేవుడు నేర్పడం కూడా చూసుకుంటాడులే," అన్నాడు.

"చూసుకుంటాడు. నువ్వు పాఠం చూసుకో."

"నీకు విశ్వాసం తక్కువ."

"తక్కువో ఎక్కువో నాకు తెలీదు. రోజూ ప్రార్థన చేస్తాను, తర్వాత పుస్తకం తెరుస్తాను. ఇన్నేళ్ళలో అది దానంతటది ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. పిలవడం ఆయన పని అబ్నెర్. లేచి రావడం మన పని. ఆయన పని ఆయన మానలేదు కదా?"

ఆ తర్వాత అబ్నెర్ ఒక్క పొద్దు కూడా మానలేదు. వాన పడినా వచ్చాడు. హినొతేగా పొగమంచులో ఎదుటి మనిషి కనపడనప్పుడు కూడా గోడలు తడుముకుంటూ వచ్చాడు.

రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది ఎలా మొదలైందో చెప్పాలి.

"చేతుల్ని చూడకు," అంది ఆమె ఒకనాడు. "అందరూ చేసే తప్పే అది. నా మొహం చూడు. చేతులు వాటంతటవే కనపడతాయి."

"మొహం ఎందుకు?"

"ప్రశ్నో, జవాబో, వెక్కిరింతో చెప్పేది మొహమే. చూపు తిప్పావంటే మాట పోయినట్టే."

"ఎంతసేపు చూడాలి?"

"మాట అయ్యేదాకా."

అబ్నెర్ చూశాడు. ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే ముందు లేస్తుందని తెలిసింది. అబద్ధం చెప్పాలంటే ఆమె ముక్కు ఒప్పుకోదని తెలిసింది. ఆ రోజు పాఠం కూరగాయల పేర్లు. ఒక్కటీ బుర్రకెక్కలేదు.

దమారిస్ సంగతి అంటారా? ఆమె పాఠం చెప్పే ముందు అద్దంలో చూసుకోవడం దోన్ ఫిలెమోన్ గమనించాడు. సాధన కోసమే అంది. సాధన చెయ్యడానికి కొత్త రిబ్బను ఎందుకని ఆయన అడగలేదు.

*

సెప్టెంబరులో ఒక ఉదయం దోన్యా ఎర్లిందా కొట్టు ముందు పూలబుట్ట దించి, అబ్నెర్‌తో కబుర్లకి దిగింది. అప్పటికి అతనికి ఆవిడ చేతులు బాగానే అర్థమవుతున్నాయి.

"తొందరగా నేర్చుకో నాయనా," అంది ఆవిడ సైగల్లో. "ఫిబ్రవరికల్లా పిల్ల వెళ్ళాలి."

"ఎక్కడికి?"

"నర్సు చదువుకి, లెయోన్ నగరానికి. సీటు ఎప్పుడో వచ్చింది. బదులు మనిషి దొరికేదాకా వెళ్ళొద్దని పెద్దలు ఆపారు. నీ పిలుపు ఇక్కడే అన్నారు. పోయినేడూ ఆపారు. ఈసారి వెళ్ళకపోతే సీటు పోతుంది." ఆవిడ చేతులు తుడుచుకుని, సంతోషంగా ముగించింది. "ఇప్పుడు నువ్వు దొరికావు."

అబ్నెర్ బుట్ట ఎత్తి ఆవిడ నెత్తి మీద పెట్టాడు. తనకి పాఠం చెప్పడానికి దమారిస్ అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకుందో అప్పుడు అర్థమైంది. తను శిష్యుడు కాదు, తాళంచెవి.

ఆ సంగతి దమారిస్‌ని అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంత పొడుగయ్యేది కాదు. అతను చేసింది వేరే. మర్నాటి నుంచి మర్చిపోవడం మొదలుపెట్టాడు.

ముందు కష్టమైన మాటలు మర్చిపోయాడు. తర్వాత తేలికైనవి. అక్టోబరు వానలకి "నీళ్ళు" అనే మాట కూడా కొట్టుకుపోయింది.

"నీళ్ళు, అబ్నెర్. నిన్ననేగా చెప్పావు."

"బుర్ర పనిచెయ్యడం లేదు."

దమారిస్ విసుక్కోలేదు. పాఠం గంట నుంచి గంటన్నర చేసింది. తన జీవశాస్త్రం పుస్తకం పక్కన పెట్టి, అతని వేళ్ళు పట్టుకుని ఒక్కొక్కటి మడిచి చూపించింది. అబ్నెర్‌కి సంతోషంగానూ ఉండేది, సిగ్గుగానూ ఉండేది. సంతోషం కొట్లో ఉన్నంతసేపు, సిగ్గు ఇంటికి వెళ్ళాక. ఆ రోజుల్లో అతని ప్రార్థనలు పొట్టివయ్యాయి. దేవుడితో కూడా ఆ విషయం ఎత్తడానికి మొహం చెల్లలేదు.

నవంబరులో దొరికిపోయాడు. ఊళ్ళో బేస్‌బాల్ పోటీ జరిగిన మర్నాడు. దమారిస్ రొట్టె కొనడానికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి, కొట్లో దోన్ ఫిలెమోనూ అబ్నెరూ ఎదురెదురుగా నిలబడి చేతులాడిస్తున్నారు. ఆమె తలుపు దగ్గరే ఆగి చూసింది.

"ఆ బంతి గీత లోపలే పడింది," అంటున్నాడు అబ్నెర్ సైగల్లో. "అంపైర్ కళ్ళు తెరిచి ఉంటే మనం గెలిచి ఉండేవాళ్ళం. వాడికి కళ్ళద్దాలు మీరే కొనిపెట్టాలి, లేకపోతే వాడి సైకిలు బాగుచెయ్యకండి."

వేళ్ళు ఎక్కడా తట్టుకోలేదు. కనుబొమ్మలు కూడా సరైన చోట లేచాయి. దోన్ ఫిలెమోన్ కూతుర్ని చూసి చేతులు దించాడు. అబ్నెర్ వెనక్కి తిరిగాడు.

"నిన్న నీళ్ళు మర్చిపోయావు," అంది దమారిస్ నోటితో. "ఈరోజు అంపైర్‌ని తిడుతున్నావు."

అబ్నెర్ చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"ఎప్పట్నుంచి?"

"సెప్టెంబరు నుంచి. దోన్యా ఎర్లిందా చెప్పింది, నువ్వు వెళ్ళిపోతున్నావని. నువ్వెందుకు చెప్పలేదు? నీ బదులు నిలబెట్టడానికే నాకు నేర్పావు."

"చెబితే నేర్చుకునేవాడివా?"

"నేర్చుకునేవాణ్ణేమో."

"తెలిశాక నువ్వు చేసిందేంటో చూశాను కదా."

అది నిజం కాబట్టి అబ్నెర్ తలవంచాడు. దమారిస్ రొట్టెల సంచి బల్ల మీద పెట్టింది. ఆమె గొంతు పెరగలేదు.

"నాకు పదకొండేళ్ళప్పుడు అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు అమ్మతో మాట్లాడలేడు, నాన్నతో మాట్లాడలేడు. నన్ను పిలిచాడు. ఇక నయం కాదు, మీ అమ్మకి చెప్పు అన్నాడు. నేనే చెప్పాను. మావాళ్ళు మొహం చూస్తారు అబ్నెర్, నీకు నేర్పాను కదా. ఏడిస్తే మాట మారిపోతుంది. అందుకని ఏడవకుండా చెప్పాను. ఆ గదిలో చేతులతో మాట్లాడే నర్సు ఒక్కరుంటే ఆ పని ఒక పిల్ల చెయ్యక్కర్లేదు. అది నా పిలుపు. చర్చిలో నిలబడటం కాదు. అది నాకు ఇష్టమే, కానీ పిలుపు ఇది. ఎన్నాళ్ళ నుంచో తెల్లవారుజామున లేచి చదువుతున్నది దీనికోసం."

"నువ్వు వెళ్ళకూడదనుకున్నాను," అన్నాడు అబ్నెర్. "నీ కోసమే చేశాను."

"నా కోసం కాదు. నీ కోసం."

రొట్టెల సంచి తీసుకుని లోపలికి నడిచింది. కొట్టుకీ ఇంటికీ మధ్య కట్టిన తెర దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అంది. "ఇక పాఠానికి రావద్దు."

*

మర్నాడు తెల్లవారగానే అబ్నెర్ కొట్టు ముందు ఉన్నాడు. దోన్ ఫిలెమోన్ తలుపు తీసి ఎగాదిగా చూశాడు.

"అమ్మాయి నిన్ను రావద్దంది కదా," అన్నాడు సైగల్లో.

"అంది. మీరు అనలేదు."

దోన్ ఫిలెమోన్ కాసేపు గడ్డం గీరుకున్నాడు. తర్వాత పక్కకి జరిగి దారి ఇచ్చాడు.

సైగల పాఠానికి చప్పుడు ఉండదు. అయినా తెర వెనక చదువుకుంటున్న దమారిస్‌కి స్టూలు జరగడం వినిపించేది, తండ్రి గొంతులోంచి అప్పుడప్పుడు వచ్చే నవ్వు వినిపించేది. ఒక పేజీనే రెండుసార్లు చదివేది. బయటికి రాలేదు. కాఫీ కోతలు మొదలయ్యాయి, క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. అబ్నెర్ ఆ తెర వైపు చూడకుండా ఉండటం కూడా సాధనలో భాగం చేసుకున్నాడు. రోజూ ఆమె చేసే ప్రార్థనే చేసేవాడు. ఈ గంట నీది, వృథా చెయ్యను. ఇప్పుడు ఆ మాట అనడానికి సిగ్గు వెయ్యలేదు.

జనవరి మొదట్లో పాస్టర్ ఎవెలియో దగ్గరికి వెళ్ళాడు.

"దమారిస్‌ని పంపించండి. మూడో వరుస నేను చూసుకుంటాను."

"నీ గొంతు సంగతి? పట్నంలో పెద్ద సంఘం నీ గురించి అడుగుతోంది. వచ్చే ఏడాది అక్కడికి పంపుదామనుకున్నాను."

"అక్కడ మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు పాస్టర్ గారూ. నేనిక్కడ ఉంటాను. ఇక్కడ మొదటిసారి నేనేం చెబుతున్నానో నాకే తెలుస్తోంది."

పాస్టర్ ఎవెలియో కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేను ఆదివారం నిరీక్షణ గురించి మాట్లాడుతున్నాను. మొత్తం సైగలు నువ్వు చెయ్యి. మూడో వరుస ఒప్పుకుంటే, నేనూ ఒప్పుకుంటాను."

ఆ ఆదివారం మేమందరం ప్రసంగం కంటే ఎక్కువగా అబ్నెర్ చేతులే చూశాం. దమారిస్ మూడో వరుసలో, తండ్రి పక్కన కూర్చుంది. మొదట్లో ఆమె వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. తండ్రి చూసి, వాటి మీద చెయ్యి వేసి నొక్కాడు. వేళ్ళు ఆగాయి.

మధ్యలో ఒకచోట అబ్నెర్ తప్పాడు. వరుసలో మొహాలు ముడుచుకోవడం చూసి ఆగి, దోన్యా ఎర్లిందా వైపు తిరిగి, "ఎలా అంటారు?" అని అడిగాడు. ఆవిడ కూర్చున్నచోటే చేసి చూపించింది. అతను అదే మళ్ళీ చేశాడు. పాస్టర్ గారు ఆ కాసేపూ ఆగారు. ఎవరూ నవ్వలేదు.

చివరి పాట దగ్గర దమారిస్ మొహం కప్పుకుంది. చిన్నప్పటి నుంచి ఆమె చర్చిలో ఎప్పుడూ పనిలోనే ఉంది. ఒక వాక్యం చెవిలో పడుతుండగా ముందు వాక్యం చేతుల్లో ఉండేది. ఊరికే కూర్చుని వినడం ఇదే మొదలు. ఏడిస్తే మాట మారిపోతుందన్న భయం లేకపోవడమూ ఇదే మొదలు.

గుమ్మం దగ్గర ఆమే ఆగింది.

"ఆ ఒక్క మాట దగ్గరే తప్పావు."

"తెలుసు."

"మిగతాది బాగుంది." కాస్త ఆగి, "నాన్న చాలా ఓపికగా నేర్పాడు," అంది.

"ఆయన తిట్టడు."

"నేను తిట్టానా?"

"తిట్టాల్సినంత తిట్టలేదు," అన్నాడు అబ్నెర్. "తప్పు చేశాను దమారిస్. నీ రెండు నెలల చదువు తినేశాను."

"తిన్నావు," అంది ఆమె. "అయినా వెళ్తున్నాను కదా." ఎడమ కనుబొమ్మ లేచింది. ఇంకేదో వింటానన్నట్టు నిలబడింది. అబ్నెర్‌కి చెప్పాల్సింది ఉంది. చెబితే మళ్ళీ ఆమె కాళ్ళకి అడ్డం పడినట్టవుతుందని నోరు అదుపులో పెట్టుకున్నాడు. ఆమె ఇంకాసేపు చూసి, గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది.

*

ఫిబ్రవరిలో, ప్రయాణం రోజున, మూడో వరుస మొత్తం బస్టాండుకి వచ్చింది. దోన్యా ఎర్లిందా జిగురు బియ్యం మిఠాయి పొట్లం కట్టి తెచ్చింది. దోన్ ఫిలెమోన్ పెట్టెని బస్సు పైకి తనే ఎక్కించి, తాడు రెండుసార్లు లాగి చూశాడు. బస్సు హారన్లు, పండ్లమ్మేవాళ్ళ కేకలు, కండక్టరు ఊళ్ళ పేర్లు అరవడం, వీటి మధ్య మా వాళ్ళు మాత్రం నిమ్మళంగా వీడ్కోలు చెప్పుకున్నారు.

అబ్నెర్ అందరికంటే వెనక, ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. దమారిస్ కిటికీ పక్కన కూర్చుంది. అద్దం బిగుసుకుపోయి తెరుచుకోలేదు. అందరి తలల మీదుగా అతన్ని చూసింది. చేతులు ఎత్తింది.

"ఏమైనా చెప్పాలా?"

ఇంజను మొదలైంది. అంత గోలలో ఏ గొంతూ ఆమెదాకా వెళ్ళదు. అబ్నెర్ స్తంభం వదిలి ముందుకొచ్చాడు. ఆమె మొహం చూస్తూ చేతులు ఎత్తాడు.

"వెళ్ళు. బాగా చదువుకో. ఎన్నేళ్ళు పట్టినా పట్టనీ. నేను ఇక్కడ పని చేస్తుంటాను. నువ్వు ఆగాలని చెప్పడం లేదు. నువ్వంటే నాకు ప్రేమ అని చెబుతున్నాను. చదువు అయ్యాక నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

పక్కన మామిడికాయలు కోస్తున్నవాడు తల ఎత్తలేదు. కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తూనే ఉన్నాడు. వినపడేవాళ్ళెవరికీ ఏమీ తెలియలేదు. మూడో వరుసకి మాత్రం ఒక్క ముక్క పొల్లు పోలేదు. అబ్నెర్ ఆ సంగతి, భుజం మీద ఎవరో తట్టాక గాని గ్రహించలేదు.

వెనక్కి తిరిగాడు. దోన్ ఫిలెమోన్.

"నన్ను అడగలేదు," అన్నాడు ఆయన సైగల్లో.

అబ్నెర్ చేతులు ఒక్క క్షణం గాలిలో నిలిచిపోయాయి. "ఇప్పుడు అడుగుతున్నాను," అన్నాయి.

దోన్ ఫిలెమోన్ ఆలోచించాడు. తీరిగ్గా ఆలోచించే మనిషి ఆయన. అబ్నెర్ చొక్కా కాలరు సరిచేశాడు. భార్య గురించి కావచ్చు, ఏదో గుర్తొచ్చినట్టు ఒకసారి ఆకాశం వైపు చూశాడు. తర్వాత అబ్నెర్ తల మీద చెయ్యి పెట్టాడు. దానికి అర్థం అడగాల్సిన పని లేదు.

అప్పుడు గుర్తొచ్చింది అబ్నెర్‌కి. గిరుక్కున తిరిగాడు. బస్సు మలుపు తిరుగుతోంది. వెనక అద్దం మీద దుమ్ము తప్ప ఏమీ కనపడలేదు. చూపు తిప్పినవాడికి మాట పోయింది.

మూడో వరుస మొత్తం రోడ్డు వైపు చూసి నవ్వుతోంది. దోన్యా ఎర్లిందా కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమంది?" అడిగాడు అబ్నెర్. ఆవిడ ముక్కు చీదుకుంది గాని చెప్పలేదు. పక్కవాణ్ణి అడిగాడు. వాడు చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. అందరి దగ్గరికీ ఒక్కొక్కరిగా వెళ్ళాడు. అందరూ చేతులు దాచుకున్నారు. ఊళ్ళో అందరికంటే మాటకారి, ఒక్క మాట కోసం బస్టాండంతా తిరిగాడు.

చివరికి దోన్ ఫిలెమోన్‌కే జాలి కలిగింది. అబ్నెర్‌ని తన ఎదురుగా నిలబెట్టుకుని, చూపు తిప్పవద్దన్నట్టు వేలు చూపించి, కూతురు అన్నది అన్నట్టు మెల్లగా తన చేతులతో చెప్పాడు.

"అవును."

అబ్నెర్ కదలకుండా చూస్తున్నాడు.

"రెండుసార్లు అంది," అన్నాడు దోన్ ఫిలెమోన్. "రెండోది ఏడుస్తూ అంది. అయినా మాట మారలేదు."